ఇద్దరికో కంప్యూటరు

సముద్రపు గాలి మనుషులకి మంచిదంటారు గానీ కంప్యూటర్లకి మాత్రం పడదు. నరసాపురంలో జనం కాలవగట్టు కాలేజీ అని పిలుచుకునే డిగ్రీ కాలేజీలో ల్యాబు మేడ మీద ఉంది. కిటికీ తలుపులు సరిగ్గా మూసుకోవు. రాత్రంతా ఉప్పుగాలి గదిలో తిరిగి ఏ పెట్టెలో ఏ ముక్కని కొరుక్కుతిందో పొద్దున్న స్విచ్చి వేస్తే తప్ప తెలియదు. కాగితం మీద క్లాసుకు సరిపడా కంప్యూటర్లున్నాయి. వాటిలో బతికున్నవి సగం. ఆ సగం ముందు క్లాసంతటినీ ఎలా కూర్చోబెట్టాలన్నది యూనివర్సిటీకి పట్టలేదు, యాజమాన్యానికి అంతకన్నా పట్టలేదు. అది కాంట్రాక్టు లెక్చరర్ సూర్యకళ నెత్తిన పడింది.

నెత్తిన పడ్డవి మోయడం ఆవిడకి అలవాటే. ఒక్కో కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేయించింది. ఎడమ కుర్చీలో వాళ్ళు టైపు చెయ్యాలి, కుడి కుర్చీలో వాళ్ళు మౌసు పట్టుకోవాలి. పీరియడు సగం కాగానే ఆవిడ చప్పట్లు కొడుతుంది, అప్పుడు ఇద్దరూ లేచి కుర్చీలు మారాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ మారిన ప్రతిసారీ పని కుంటినడక పట్టేది. అప్పటిదాకా మౌసు పట్టినవాళ్ళు ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా దేవులాడేవారు, టైపు చేసినవాళ్ళు తెర మీద బాణాన్ని కోడిపిల్లని తరిమినట్టు తరిమేవారు. రికార్డులు వెనకబడేవి. ప్రిన్సిపాల్ గోపాలకృష్ణమూర్తిగారు పిలిచి, "సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందమ్మా?" అని అడిగేవారు. అలా అడగ్గా అడగ్గా, ఏ ఏడాదో ఆవిడకే గుర్తులేదు, సూర్యకళ చప్పట్లు కొట్టడం మానేసింది. మానేస్తున్నానని ఎవరితోనూ అనలేదు. అలిసిపోయినవాళ్ళు ఏ పనినైనా అలాగే మానేస్తారు.

తర్వాత అదే ఆచారమైపోయింది. కొత్తగా చేరిన పిల్లల్ని సీనియర్లు మొదటిరోజే పట్టుకుని, "నువ్వు టైపా, మౌసా?" అని అడిగేవారు. మొదటి వారం ఏ కుర్చీలో కూర్చుంటే మూడేళ్ళూ అదే కుర్చీ. రికార్డులు మాత్రం టంచనుగా పూర్తయ్యేవి. ప్రిన్సిపాల్ గారు మళ్ళీ పిలవలేదు.

ఈ ఏటి జంటల్లోకెల్లా మేటి జంట వెంకటదుర్గ, హైమ. వెంకటదుర్గది ఊరి పక్క పల్లె. తండ్రి కౌలురైతు, తల్లి అచ్చాయమ్మ లేసు అల్లుతుంది. చిన్నప్పట్నించీ తల్లి పక్కన కూర్చుని లేసు సూది ఆడించిన పిల్ల కావడంతో, దుర్గ వేళ్ళు కీబోర్డు మీద పడితే చూడముచ్చటగా ఉండేది. హైమ గుడి పూజారిగారి అమ్మాయి. మాట నెమ్మది, నడక నెమ్మది, మౌసు పడితే మాత్రం గురి తప్పదు. ఇద్దరూ కలిసి పని చేస్తుంటే మధ్యలో మాటలుండేవి కావు. దుర్గ చివరి అక్షరం కొట్టేసరికి హైమ బాణం ఎక్కడుండాలో అక్కడే ఉండేది.

ఫిబ్రవరిలో రాజమండ్రి నుంచి ఒక కంటాసుపత్రివాళ్ళు వచ్చారు. బిల్లింగ్ కౌంటర్లకి ఇద్దరు అమ్మాయిలు కావాలన్నారు. ల్యాబులో పని చూసి వీళ్ళిద్దర్నీ అక్కడికక్కడే ఎంచుకున్నారు. పూజారిగారు ఆ సాయంత్రం గుళ్ళో వచ్చినవాళ్ళందరికీ చక్కెరపొంగలి పంచిపెట్టారు. అచ్చాయమ్మ కాలేజీకొచ్చి సూర్యకళ చేతులు పట్టుకుంది. "నా కళ్ళు ఈ దారాలకే పోయినియ్యి మేడంగారూ. దాని కళ్ళు పోతే గీతే ఆ కంప్యూటర్ ముందే పోనియ్యండి. ఫ్యాను కిందైనా ఉంటది," అంది.

ఆసుపత్రివాళ్ళు ఒక్కటే షరతు పెట్టారు. యూనివర్సిటీ ఈ ఏడు కొత్తగా పెట్టిన కంప్యూటర్ సామర్థ్య పరీక్ష పాసై, జూన్ ఒకటో తారీకుకి ఆ సర్టిఫికెట్‌తో రావాలి. పరీక్ష తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ రాదు. అంతదాకా కౌంటరు ఖాళీగా ఉంచుకుని ఎదురుచూడ్డానికి వాళ్ళకేం పట్టింది?

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పే ఉత్తర్వు మార్చి చివర్లో వచ్చింది. ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటరు ఇస్తారట. పక్కవాళ్ళతో మాట్లాడకూడదట. మార్కులు కూడా కంప్యూటరే వేస్తుందట. ఒక్కొక్కరికీ ఒక్కోటి అన్న ముక్క దగ్గర సూర్యకళ కళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడైనా కుర్చీలు మార్పించాలనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, ఆ ఆకులు కూడా దొరకలేదు. సరిగ్గా ఆ వారమే ల్యాబులో యూపీఎస్ చచ్చి ఊరుకుంది. బాగుచేసేవాడు భీమవరం నుంచి రావాలి. ఇవాళ రేపు అంటూ అతను వచ్చేసరికి క్లాసులే అయిపోయాయి. ప్రిన్సిపాల్ గారి దగ్గర మొరపెట్టుకుంటే ఆయన నవ్వేశారు. "ఈ కాలం పిల్లలమ్మా, ఫోను చేత్తో పట్టుకునే పుట్టారు. వాళ్ళకి మనం నేర్పేదేంటి?" అన్నారు. సూర్యకళకి ఆ మాట నమ్మాలనిపించింది. ఒంట్లో ఓపిక లేనప్పుడు నమ్మడమే తేలిక.

పరీక్ష సెంటరు నిడదవోలులో పడింది, స్టేషన్ అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో. పిల్లలంతా నరసాపురంలో ప్యాసింజరు ఎక్కారు, సూర్యకళ పాలకొల్లులో ఎక్కింది. దాళ్వా వరి కోతల రోజులు. ఎండ అప్పుడే కిటికీల్లోంచి లోపలికొచ్చి కూర్చుంది. పిల్లలు సీట్ల మీద ఇరుక్కుని నోట్సులు తిరగేస్తున్నారు. హైమ, దుర్గ పక్కపక్కనే ఉన్నారు. దుర్గ ఎడమ పక్క, హైమ కుడి పక్క. అది చూసి సూర్యకళ వాళ్ళ ఎదుట కూర్చుంది.

"ఎవరి కంప్యూటరు వాళ్ళకే ఇస్తారు. తెలుసు కదా?" అంది.

"తెలుసండి," అంది దుర్గ. "మౌసు గురించి నేను నోట్సు రాసుకుని చదువుకున్నానండి. టైపు గురించి హైమ చదివింది."

"చదువుకున్నారా?"

"రెండుసార్లు చదివామండి," అంది హైమ.

ఈత గురించి రెండుసార్లు చదువుకున్నవాణ్ణి గోదాట్లో దింపితే ఏమవుతుందో సూర్యకళకి తెలుసు. చెప్పి ఇప్పుడు పిల్లల్ని భయపెట్టి లాభం లేదు. "కంగారు పడకుండా రాయండమ్మా," అని, తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. భీమవరం దాటింది, అత్తిలి దాటింది. నిద్ర పట్టలేదు.

ఆ ఇంజనీరింగు కాలేజీ ల్యాబు పెళ్ళిమండపం అంత ఉంది. చల్లగా ఏసీ, వరసలుగా కొత్త కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఒక్కటే కుర్చీ. కాలేజీల నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన లెక్చరర్లు అద్దాల గోడ ఇవతల నిలబడ్డారు. తణుకు వైపు కాలేజీలో పనిచేసే డేనియల్ సూర్యకళకి పాత పరిచయం. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి కాలేజీకి ఒకరు ప్రాక్టికల్ పరీక్షలకి వెళ్ళినవాళ్ళే.

"పాత ప్రాక్టికల్సే నయమండీ సూర్యకళగారూ," అన్నాడు డేనియల్. "ఎగ్జామినర్‌గా వచ్చినాయనకి మధ్యాహ్నం పులస చేప పులుసుతో భోజనం పెడితే యాభైకి నలభై ఎనిమిది పడిపోయేవి. ఇప్పుడీ మెషీన్‌కి పులస ఎలా పెడతామండీ?"

"పెట్టినా తినదండీ," అంది సూర్యకళ. నవ్వుదామనుకుంది గానీ అప్పటికే ఆవిడ చూపు అద్దం అవతలికి వెళ్ళిపోయింది.

పరీక్ష మొదలైంది. ముందు ఒక ఉత్తరం టైపు చెయ్యాలి. దాన్ని పద్ధతిగా దిద్ది, పట్టిక గీసి, అంకెలు వేసి, ఆ అంకెల్ని చార్టు బొమ్మగా మార్చి, చెప్పిన ఫోల్డరులో దాచాలి. మిగతా కాలేజీల పిల్లలు తంటాలు పడుతూనే ఏదో చేస్తున్నారు. కాలవగట్టు కాలేజీ పిల్లలు ఎక్కడెక్కడ కూర్చున్నారో మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతోంది. సగంమంది కీబోర్డుని ముట్టుకోకుండా కుడిచెయ్యి ఒక్కటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. మిగతా సగం మౌసు వైపు చూడటంలేదు.

వెంకటదుర్గ ఉత్తరాన్ని హాల్లో అందరికన్నా ముందు టైపు చేసేసింది. చేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అలా కూర్చుంది. మూడేళ్ళుగా తన పని అయ్యాక ఆ పిల్ల చేసేది అదే. మిగతాది హైమ చూసుకుంటుంది. కాసేపటికి గుర్తొచ్చినట్టుంది, ఉలిక్కిపడి కుడివైపు చూసింది. అక్కడ ఎవరో ఊరూ పేరూ తెలియని అబ్బాయి. దుర్గ మౌసు పట్టుకుంది. బాణం తెర అంచుకి పారిపోయింది. మళ్ళీ లాక్కొచ్చింది, మళ్ళీ పారిపోయింది. చివరికి ఆ పిల్ల చూపుడువేలు చాచి, ఫోను మీద జరిపినట్టు, కంప్యూటరు తెర మీద జరపడం మొదలుపెట్టింది.

సూర్యకళకి సిగ్గేసింది. ఆ పిల్లని చూసి కాదు. తనని చూసి తనకే ఒళ్ళు మండి, పక్కన డేనియల్ ఏం మాట్లాడుతున్నాడో కూడా వినపడలేదు. వెనక వరసలో హైమ కనిపించింది. వంచిన తల ఎత్తకుండా ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటోంది. ఇంకా ఉత్తరం పైన తారీకు దగ్గరే ఉంది.

అప్పుడు కరెంటు పోయింది.

హాలంతా హాహాకారాలు. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. వెనకెక్కడో జనరేటరు గుర్రుమని మూలిగి, ఇంకోసారి మూలిగి, ఇక నా వల్ల కాదన్నట్టు ఊరుకుంది. లెక్చరర్లందరూ తలలు పట్టుకున్నారు. సూర్యకళ ఒక్కతే, ఏ దేవుడో ఏ ట్రాన్స్‌ఫార్మరులో ఉన్నాడో గానీ, ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

సెంటరు చూసుకునే చంద్రరావుగారు చెమటలు తుడుచుకుంటూ బయటకొచ్చారు. "రూలు ప్రకారం పొద్దుటి పరీక్ష రద్దండి. కరెంటు గంటలో వస్తుందంటున్నారు, భోజనాలయ్యాక మొదట్నించీ మళ్ళీ పెడతాం. ఏమనుకోకండి," అని అందరికీ చెప్పి, సూర్యకళ దగ్గర ఆగారు. "మీ పిల్లలేనా అండీ అటు కూర్చుంది? అడిగానని కాదు గానీ, ఒక్కొక్కళ్ళకీ ఒక్క చెయ్యే ఉన్నట్టు కూర్చున్నారేంటండీ?"

"వాళ్ళకి ఇద్దరికో కంప్యూటరండీ," అంది సూర్యకళ.

చంద్రరావుగారు జనరేటరు వైపు వెళ్ళిపోయారు. అంతకన్నా అడగడానికి ఆయనకీ ఓపిక లేదు.

వరండాలో ఉక్కపోత. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని టిఫిను బాక్సులు విప్పారు. ఎవరికీ ముద్ద దిగడంలేదు. ఒకమ్మాయి ఏడుస్తోంది. కరెంటు లేదు గనక అడుక్కుందామన్నా ఒక్క కంప్యూటరు దొరకదు. సూర్యకళ స్తంభానికి ఆనుకుని నిలబడి, ఇంటికి పోయి పడుకుంటే బావుండుననుకుంది. నిజంగానే అనుకుంది. మోకాళ్ళు లాగుతున్నాయి, పొద్దుటినుంచీ కాఫీ లేదు, ఏం చేసినా గంటలో ఏం ఒరుగుతుంది? అనుకుంటూనే పిల్లల మధ్యకెళ్ళింది.

"తిన్నవరకు చాలు. లేవండి. ఎవరి జంటతో వాళ్ళు కూర్చోండి," అంది. "బాక్సు మూతలు కడుక్కు రండి. అదే మౌసు. నోట్సు అట్ట మీద కీబోర్డు గీయండి, అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో టైపువాళ్ళు చెప్పండి. ముందు మౌసువాళ్ళు టైపువాళ్ళకి నేర్పాలి. సగం టైము అయ్యాక నేను చప్పట్లు కొడతాను, అప్పుడు మారాలి. టైపువాళ్ళు మౌసువాళ్ళకి నేర్పాలి."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కొళాయి దగ్గరికి పరిగెత్తారు.

వరండా పొడుగునా స్టీలు మూతలు గచ్చు మీద గరగరలాడాయి. అటుగా పోయే ఇంజనీరింగు పిల్లలు ఆగి, నవ్వి, ఫోటోలు తీసుకుని పోయారు. సూర్యకళ పట్టించుకోలేదు. ఆవిడ చెవులు స్తంభం పక్కనున్న జంట మీదున్నాయి. దుర్గ చెయ్యి మూత మీద, ఆ చేతి మీద హైమ చెయ్యి.

"చెయ్యి ఎత్తకే," అంటోంది హైమ. "ముగ్గు గీస్తూ మధ్యలో చెయ్యి ఎత్తేస్తావా? ఊఁ, ఇప్పుడు రెండుసార్లు నొక్కు. అంత గట్టిగా కాదు, పెసరపప్పు రుబ్బుతున్నావా ఏంటి?"

"అదంతా వచ్చిందే," అంది దుర్గ. " అక్షరాల్ని అన్నిట్నీ ఒకేసారి పట్టుకుని లాగాలి చూడు, అక్కడే జారిపోతంది. సగంలో వదిలేత్తన్నాను."

హైమ ఆ వేళ్ళని పట్టుకుంది. "లేసు అల్లేటప్పుడు దారాన్ని సూదికి తగిలించి కన్నంలోంచి లాగుతావు కదా? సగంలో సూది వదిలేస్తావా?"

"వదిలితే అల్లిక జారిపోద్ది."

"ఇదీ అంతే. నొక్కి పట్టుకో. చివరిదాకా లాగు. అక్కడ వదులు."

దుర్గ మూత వంక చూసింది. వేలు నొక్కి పట్టి, గచ్చు మీద జానెడు దూరం లాగి, వదిలింది. ఇంకోసారి లాగింది. "ఓస్, ఇంతేనా!" అంది. పొద్దుటినుంచీ ఆ పిల్ల మొహంలో నవ్వు రావడం అదే మొదలు.

సగం టైము అయింది. సూర్యకళ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. ఎన్నేళ్ళయిందో కొట్టి. "మారండి!"

జంటలన్నీ కదిలాయి. మూతలు చేతులు మారాయి, అట్టలు చేతులు మారాయి, ఏడ్చిన అమ్మాయి ముక్కు తుడుచుకుని తన జంటకి అక్షరాల వరసలు అప్పజెబుతోంది. స్తంభం పక్క మాత్రం ఏమీ మారలేదు. దుర్గ మూత ఇవ్వబోయింది. హైమ తోసేసింది. "నాకు వచ్చులే. నువ్వు పట్టిక గీయడం చెయ్యి. ఇందాక అదే రాలేదన్నావుగా," అంది. దుర్గ మళ్ళీ వంగింది.

సూర్యకళ రెండడుగులు అటు వేసింది. మార్చుకోండమ్మా అని నోటిదాకా వచ్చింది. హైమ తలెత్తి ఆవిడ వంక చూసింది. ఏమీ అడగని చూపు, వద్దని మాత్రం చెప్పే చూపు. మౌసు గంటలో పట్టుబడుతుంది. టైపు పట్టుబడదు. ఆ సంగతి హైమకి తెలుసు, సూర్యకళకీ తెలుసు. గంటని రెండు ముక్కలు చేస్తే ఇద్దరూ తప్పుతారు. ముక్కలు చెయ్యకపోతే ఒకరు గట్టెక్కుతారు. సూర్యకళ ఆ మాట మింగేసి పక్క జంట దగ్గరికి నడిచింది.

కరెంటు వచ్చింది. పరీక్ష మళ్ళీ పెట్టారు.

ఈసారి కాలవగట్టు పిల్లలకి రెండో చెయ్యి కూడా ఉన్నట్టే కనిపించింది. వంకరటింకరగా, అడ్డదిడ్డంగా, కానీ కదులుతున్నారు. దుర్గ నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని అక్షరాలన్నిట్నీ నొక్కి పట్టి, చివరిదాకా లాగి, వదిలింది. అద్దం ఇవతల సూర్యకళ వేలు కూడా దానంతటదే చీర కుచ్చిళ్ళ మీద లాగి వదిలింది. హైమ నిటారుగా కూర్చుంది. ఉత్తరం రెండు వరసలతో వదిలేసి పట్టిక చక్కగా గీసింది, గీతలు అందంగా దిద్దింది, బొమ్మకి రంగులు కూడా వేసింది. పట్టికలో రాయాల్సిన మాటల దగ్గరికొచ్చేసరికి ఒంటివేలు ఒక్కో అక్షరం కోసం ఎదురుచూస్తూ గాల్లో నిలబడిపోయింది. టైము అయిపోయిందంటూ తెర దానంతటదే మూసుకుంది.

మార్కులు అక్కడే కనిపిస్తాయి. దుర్గ పరిగెత్తుకొచ్చి సూర్యకళని వాటేసుకుంది. "పాసయ్యానండీ మేడం! పాసయ్యాను!" అని, వెంటనే వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. అందరూ వచ్చాక హైమ వచ్చింది. చెప్పులు తొడుక్కుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "టైపు మిగిలిపోయిందండీ," అంది.

స్టేషనుకి వెళ్తుండగా ప్రిన్సిపాల్ గారి ఫోను వచ్చింది.

"ఎంతమందమ్మా?"

"సగానికి పైనే అండి."

"మరి మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళు కుడి కుర్చీలండి."

"కుడి కుర్చీలేంటమ్మా?"

"వచ్చాక చెప్తానండి," అని ఫోను పెట్టేసింది. పద్నాలుగేళ్ళలో ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతుండగా ఫోను పెట్టెయ్యడం ఆవిడకి అదే మొదలు. తర్వాత భయపడటానికి కూడా ఓపిక లేకపోయింది.

సాయంత్రం ప్యాసింజరులో దుర్గ ఏడుపు మొదలుపెట్టింది. తణుకు దాటినా ఆపలేదు. "నేను వెళ్ళనండి మేడం. అదుంటేనే వెళ్తాను. నాకేటి తెలుసండి అక్కడ, దాని పక్కన కూచోవడం తప్ప?"

"ఊరుకోవే," అంది హైమ. "ఇద్దరం కలిసి మునిగితే ఎవరికి లాభం? ఒకళ్ళైనా ఒడ్డెక్కాలిగా. అక్కడ చేరి, నాకు కుర్చీ పట్టి ఉంచు. వచ్చే ఏడు వస్తాను."

"కుర్చీ పట్టి ఉంచడానికి అదేమన్నా బస్సేంటే?" అని దుర్గ ఏడుస్తూనే నవ్వింది.

దుర్గ నిద్రపోయాక సూర్యకళ మెల్లగా అడిగింది. "నాన్నగారికేం చెప్తావమ్మా?"

"ఏం చెప్తానండీ. తప్పానని చెప్తాను." హైమ కిటికీలోంచి కుప్పేసిన వడ్ల వంక చూస్తోంది. "గుళ్ళో పంచిన పొంగలి ఎవర్నీ వెనక్కివ్వమనరు లెండి."

"నేను చూశాను హైమా. మారండి అన్నాక మీరు మారలేదు. చూసి కూడా ఊరుకున్నాను."

"మారినా గంటలో నాకు టైపు వచ్చేసేదాండీ?"

గంటలో రాదు. మూడేళ్ళలో వచ్చేది. ఆ మాట హైమ అనలేదు, అనుంటే బావుండేదని సూర్యకళకి అనిపించింది. పెద్దవాళ్ళని ఒక్క మాట అనకుండా వదిలేసే పిల్లల ముందు కూర్చోవడం అంత కష్టం ఇంకోటి లేదు. పాలకొల్లు వచ్చింది. దిగాలి గనక దిగింది.

జూన్ ఒకటిన దుర్గ రాజమండ్రి బస్సెక్కింది. అచ్చాయమ్మ ఫోను చేసి చెప్పింది, పిల్ల ఒక్కతే కౌంటర్లో కూర్చుందనీ, మొదటి బిల్లు తప్పు లేకుండా వేసిందనీ. సూర్యకళ సంతోషించింది. ఆ సంతోషం పూర్తిగా గుండెలోకి దిగలేదు.

అప్పటికి కాలేజీకి సెలవులు. సెలవుల్లో కాంట్రాక్టువాళ్ళకి పని లేదు, జీతమూ లేదు. "ల్యాబు తాళాలు మీకెందుకమ్మా ఇప్పుడు?" అని ప్రిన్సిపాల్ గారు విసుక్కుంటూనే ఇచ్చారు. హైమకి ముందే కబురు పెట్టింది. ఆ పిల్ల గుళ్ళో పొద్దుటి పూజలయ్యాక, నుదుట కుంకుమతో, మెట్లెక్కి వచ్చింది.

లోపల ఉక్క, ఉప్పువాసన. సూర్యకళ స్విచ్చిలు వేసింది. దుర్గ, హైమ కూర్చునే కంప్యూటరు బతికే ఉంది. హైమ నేరుగా వెళ్ళి కుడి కుర్చీలో కూర్చుని, మౌసు మీద చెయ్యి వేసింది. ఎడమ కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ముట్టుకోకుండా, ఎవరో రావాల్సి ఉన్నట్టు, కొంచెం చోటు కూడా వదిలింది.

సూర్యకళ అలవాటుగా ఆ ఖాళీ కుర్చీ వెనక్కి లాగింది, తను కూర్చుని టైపు చేసిపెడదామని. సగం లాగి ఆగింది. కుర్చీని మళ్ళీ ముందుకు తోసింది. వెనక్కి నడిచి, గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది.

ఖాళీ గదిలో ఆ చప్పుడుకి హైమ ఉలిక్కిపడింది. "ఏంటండీ?"

"కుర్చీ మారమ్మా."

"అది దుర్గ కుర్చీ కదండీ."

"కాదమ్మా. మారు."

హైమ లేచి నిలబడింది. కాసేపు రెండు కుర్చీల మధ్యా అలాగే నిలబడి, ఎడమ కుర్చీలో కూర్చుంది. కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెట్టింది. చాలాసేపటికి మొదటి అక్షరం దొరికింది. సూర్యకళ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, గోడ గడియారం కనపడేలా కూర్చుంది. అరగంటకి మళ్ళీ చప్పట్లు కొట్టాలి.